లూప్‌లైన్లో ఆగిన బండి

బేస్‌బాల్ ఆట ఉన్న రోజున హార్లన్ బ్రింక్‌మన్ పొద్దున్నే లేచి కారు అద్దాలు తుడిచేవాడు. పెళ్లయిన కొత్తల్లో ఏ కారుండేదో, తర్వాత ఎన్ని మారాయో గానీ ఆ తుడవడం మాత్రం మారలేదు. తడిగుడ్డతో ఒకసారి, పాత పేపరుతో ఒకసారి తుడిచి, టైర్లని కాలితో తన్ని చూసేవాడు. ఈలోగా వంటింట్లో లొరీన్ రొట్టెముక్కల మధ్య లివర్ సాసేజీ, ఉల్లిచక్రాలు పెట్టి కాగితంలో చుట్టేది. ఫ్లాస్కులో కాఫీ పోసేది. వేయించిన వేరుశనక్కాయలు తొక్కతోనే సంచీలో కట్టేది. స్టేడియంలో కొంటే నోట్లో పెట్టుకునేలా ఉండవని ఆవిడ నమ్మకం. ఇద్దరూ మా జట్టు ఎర్ర టోపీలు పెట్టుకుని కారెక్కేవాళ్లు.

మా ఊరు హెర్మన్ నుంచి సెయింట్ లూయిస్‌కి వెళ్లే రోడ్డు చాలా దూరం కొండ అంచునే మెలికలు తిరుగుతూ పోతుంది. హార్లన్‌కి అందులో ప్రతి మలుపూ తెలుసు. ఉద్యోగం చేసినన్నాళ్లూ పాల ట్యాంకరు తోలాడాయన. "పాలు ఎవడి కోసమూ ఆగవు, విరిగిపోతాయి," అనేవాడు. ఎవరైనా ఆలస్యంగా వస్తే వాళ్ల మొహం చూసేవాడు కాదు, చేతి గడియారం చూసేవాడు.

ఆటకి కారులో వెళ్లడమా, రైల్లో వెళ్లడమా అన్న తగువు మా ఊళ్లో ఎప్పట్నుంచో ఉంది. క్లీటస్ బారులో ప్రతి ఏడూ సీజన్ మొదలవగానే అదే రాజుకునేది. క్లీటస్‌ది రైలు పక్షం.

"ఒరేయ్ హార్లన్, రైల్లో అయితే కాళ్లు బారజాపుకుని బీరు తాగుతూ పోవచ్చు. దిగి కాస్త నడిస్తే స్టేడియం. నువ్వేమో కారెక్కడ పెట్టాలో తెలీక ఊరంతా గిర్రున తిరుగుతావు. ఆట అయ్యాక ఆ కార్ల మధ్య ఇరుక్కుని లొరీన్ మీద అరుస్తావు."

"నేను లొరీన్ మీద అరవను. ముందు కారువాడి మీద అరుస్తాను. ఆమె పక్కనుంటుంది కాబట్టి వినబడుతుంది," అనేవాడు హార్లన్. "సరే, ఆట అయ్యాక నేనెక్కడ పడుకుంటాను? నా మంచం మీద. నువ్వో? మీ బావమరిది ఇంట్లో, కుక్క పడుకునే సోఫా మీద. రాత్రిపూట వెనక్కి బండుందా? లేదు. పోనీ పగటి బండైనా వేళకి పోతుందా?"

"పోదనుకో. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు."

ఆ కానీ ఏమిటో బారులో అందరికీ తెలుసు. మా ఊరు దాటాక, నది ఒడ్డున కొండ కింద ఒక లూప్‌లైన్ ఉంది. ఎదురొచ్చే గూడ్సులకి దారివ్వడానికి మన బండిని అందులోకి తోసి ఆపేస్తారు. ఒక్కోసారి గూడ్సు వెనక గూడ్సు వస్తూనే ఉంటుంది. అక్కడ ఆగినంతసేపూ బండిలో ఉన్నవాళ్ల ఆయుష్షు ఖర్చవదు. బయట ఎండ జరుగుతుంది, గడియారాలు తిరుగుతాయి, అవతల ఆట వేళకే మొదలవుతుంది. బండిలో మాత్రం కప్పులో కాఫీ చల్లారదు. ఎవరైనా కలిపి తెచ్చుకున్న రొట్టెపిండి పొంగదు. పంటినొప్పితో ఎక్కినవాడి పన్ను కిక్కురుమనదు. కదలగానే అన్నీ ఎక్కడ ఆగాయో అక్కణ్ణించి మళ్లీ మొదలు. నదికి వరదొస్తుందని ఎలా తెలుసో ఇదీ మాకలాగే తెలుసు. అలాగని పనిగట్టుకుని ఎవరూ ఎక్కరు. "ఆయుష్షు మిగిలితే ఏం లాభం, పనీ మిగిలిపోతుందిగా," అనేది మా అమ్మ.

ఒక ఏడాది వసంతంలో లొరీన్‌కి కడుపులో నొప్పి మొదలైంది. ముందు తిండి పడలేదనుకున్నారు. తర్వాత వెన్నులోకి పాకింది. సెయింట్ లూయిస్ పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, క్లోమంలో రాచపుండని, కోసి తీసే దశ దాటిందని నెమ్మదిగా చెప్పింది. ఎన్నాళ్లని హార్లన్ అడిగాడు. ఆకులు రాలేదాకా ఉంటే గొప్పేనంది.

ఇద్దరూ కారులో తిరిగొచ్చారు. ఇంటి దగ్గరికొచ్చాక లొరీన్ అంది: "ఆదివారం ఆటకి టికెట్లున్నాయి కదా. వెళ్దాం."

వెళ్లారు. కానీ ఆ కొండరోడ్డు ప్రతి మలుపులోనూ ఆమె పేగుల్ని పట్టి పిండినట్టయింది. మూడుసార్లు ఆపమంది. మూడుసార్లూ హార్లన్ రోడ్డు పక్కన ఆపి, ఆమె గడ్డిలో వంగి నిలబడితే వీపు మీద చెయ్యేసి నిలబడ్డాడు. మళ్లీ కారెక్కాక మాత్రం చెయ్యి దానంతటదే తిరిగింది, కళ్లు గడియారం మీదికి పోయాయి. లొరీన్ అది చూసింది.

తర్వాతి ఆట ముందురోజు ఆమె అంది: "నేను రైల్లో వస్తాను. నువ్వు కారులో రా. గేటు దగ్గర కలుద్దాం."

"నేనంత అడ్డదిడ్డంగా తోలానా?"

"బాగానే తోలావు. మలుపులు నువ్వు వెయ్యలేదుగా."

"ఆ బండి లూప్‌లైన్లో చచ్చి పడుంటుంది. సగం ఆట పోతుంది నీకు."

"పోతే పోనీ. నువ్వు కూడా రారాదూ."

"వేరేవాడు తోలుతుంటే చేతులు కట్టుకుని కూచోవడం నావల్ల కాదు," అన్నాడు హార్లన్. అక్కడితో ఆ మాట ఆగింది.

అలా ఇద్దరూ వేరువేరుగా వెళ్లడం మొదలుపెట్టారు. హార్లన్ ముందే చేరుకుని గేటు దగ్గర నిలబడేవాడు. జాతీయగీతం అయిపోయేది, మొదటి ఇన్నింగ్స్ అయిపోయేది. అప్పుడు లొరీన్ సంచీ పట్టుకుని తీరిగ్గా వచ్చేది. ఆమె మొహంలో నిద్రపోయి లేచిన తేట ఉండేది. ఆట అయ్యాక ఆమె ఆ ఊళ్లోనే చెల్లెలు వరస జెనీవ్ ఇంట్లో పడుకుని మర్నాడు బండిలో వచ్చేది. హార్లన్ రాత్రికే ఇంటికొచ్చి తన మంచం మీద పడుకునేవాడు.

ఎండాకాలం గడిచింది. సీజన్ ముగిసింది. కొండల మీద మేపుల్ చెట్లు ఎర్రబడ్డాయి, ద్రాక్షతోటలు పండుటాకు రంగు తేలాయి. తర్వాత ఆకులు రాలాయి. లొరీన్ ఉంది. చిక్కిపోయింది, మాత్రలు పెరిగాయి, అయినా ఉంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితాలు చూసి, ఆమెను చూసి, "రైల్లో తిరుగుతున్నారా?" అని అడిగింది.

"తిరుగుతున్నాను."

"తిరగండి," అని చెప్పి మందులు రాసింది.

చలికాలంలో బేస్‌బాల్ ఉండదు. ఒకరోజు లొరీన్ టేబుల్ మీద రెండు హాకీ టికెట్లు పెట్టింది. హార్లన్ వాటిని తిప్పితిప్పి చూశాడు.

"నీకు హాకీ అంటే ఏం తెలుసు?"

"మంచు మీద జారతారు, కొట్టుకుంటారు. ఇంకేం తెలియాలి?"

"రైలెక్కడానికి హాకీ ఎందుకు? ఊరికే ఎక్కితే సరిపోతుందిగా."

"ఊరికే ఎక్కితే ఆసుపత్రికి పోతున్నట్టుంటుంది. ఆటకని బయల్దేరితే ఆటకి పోతున్నట్టుంటుంది," అంది లొరీన్.

జనవరిలో ఒకరోజు హాకీ ఉంది. లొరీన్ మధ్యాహ్నం బండికి వెళ్లింది. హార్లన్ ఇంట్లో తీరిగ్గా తిని, పొద్దు వాలుతుండగా కారు తీశాడు. రోడ్డు కొండమీదికెక్కే చోట కింద లోయలో లూప్‌లైన్ కనబడుతుంది. ఆ రోజు బండి ఇంకా అక్కడే ఉంది. నది మీద మంచు పలకలు తేలిపోతున్నాయి. పెట్టెల్లో దీపాలు వెలిగించారు. ఒక కిటికీలో లొరీన్ ఎర్రటోపీ కనబడింది. ఎదురు సీట్లో కండక్టర్ అర్నెట్టా కూచునుంది. కన్సాస్ సిటీ మనిషి ఆమె, పొడుగ్గా ఉంటుంది. ఇద్దరూ పేకాడుతున్నారు. లొరీన్ ముక్క విసిరి, తల వెనక్కి వాల్చి నవ్వింది.

హార్లన్ కారు పక్కకి తీసి ఆపాడు. ఇంజను ఆపకుండా స్టీరింగ్ పట్టుకుని చూస్తూ కూచున్నాడు. ఆమె అలా తల వాల్చి నవ్వడం ఆయన చూసి ఏడాది కావస్తోంది. ఇంట్లో ఆమె నవ్వు సగంలో ఆగి కడుపు పట్టుకునేది. నొప్పి లేని ఆ గంటలన్నీ ఆమె అక్కడ, ఎవరో ఒకరి ఎదురుగా గడిపింది. ఆయన మాత్రం ఆ గంటలన్నీ ముందు కారు వెనక దీపాలు చూస్తూ గడిపాడు. చాలాసేపటికి బండి కదిలింది. కిటికీలో ఎర్రటోపీ ముందుకి వంగి, సీటు వెన్ను పట్టుకుని, అలాగే ఉండిపోయింది. బండి కొండ చాటుకి వెళ్లేదాకా హార్లన్ చూశాడు. ఆ రోజు ఆయన స్టేడియానికి అందరికంటే ఆలస్యంగా చేరాడు.

మళ్లీ బేస్‌బాల్ మొదలైన రోజున హార్లన్ కారు అద్దాలు తుడవలేదు. చొక్కా ఇస్త్రీ చేసుకుని, ఫ్లాస్కు తనే పట్టుకుని, లొరీన్ భుజం కింద చెయ్యేసి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. అప్పటికి ఆమె ఎండిన కొమ్మలా ఉంది. అర్నెట్టా మెట్టుపీట వేసి, ఆయన్ని చూసి, "బ్రింక్‌మన్ గారూ, ఇన్నాళ్లకి దయ కలిగిందా మా బండి మీద?" అంది.

"బండి మీద కాదు," అన్నాడు హార్లన్.

ఎదురెదురు సీట్లలో కూచున్నారు. పెట్టెనిండా ఎర్రచొక్కాలే. బండి మలుపు తిరిగినప్పుడల్లా హార్లన్ కుడికాలు నేలని నొక్కేది. లొరీన్ అది చూసి, "అక్కడ బ్రేకు లేదు," అంది.

"తెలుసు."

"మరి నొక్కకు."

"నేను నొక్కట్లేదు. కాలు నొక్కుతోంది."

లూప్‌లైన్లోకి బండి తిరిగి, కీచుమని ఆగింది. లొరీన్ భుజాలు కిందికి దిగాయి. పళ్ల బిగువు సడలింది. చాలా దూరం నుంచి ఇంటికొచ్చినట్టు ఆమె ఊపిరి పీల్చుకుని సీటులో వెనక్కి వాలింది. హార్లన్‌కి కూడా తన మోకాళ్లలో సలుపు ఆగిపోయినట్టు తెలిసింది. అలాంటి సలుపొకటి ఉందని అది ఆగాకే తెలిసింది.

రొట్టెలు విప్పుకుని తిన్నారు. ఆమె మొత్తం తినేసింది. మొదటి గూడ్సు పోయింది, రెండోది వచ్చింది.

"నన్ను గట్టిగా రమ్మని ఎందుకనలేదు?" అన్నాడు హార్లన్. "ఒకసారి అన్నావు, ఊరుకున్నావు."

"నువ్వు రావాలని నీకుండాలి. ఈడ్చుకొస్తే గడియారం చూస్తూ కూచుంటావు."

"అంత చెడ్డవాణ్ణా నేను?"

"చెడ్డవాడివి కాదు." లొరీన్ పెదవి మీది రొట్టెపొడి తుడుచుకుంది. "ఇన్నేళ్లూ కారులో నీ పక్కన కూచుని నీ చెంపే చూశాను. కుడి చెంప. అక్కడ గీసుకున్నప్పుడు తెగిన గాట్లన్నీ నాకు తెలుసు. మొహం మాత్రం ఇదిగో, ఇవాళ తీరిగ్గా చూస్తున్నాను. ముసలాడివైపోయావు."

"ఈ చలికాలంలోనే అయ్యాను. నీకు కలిసొచ్చిందంతా నాకు ఖర్చయింది."

ఆమె నవ్వింది, తల వెనక్కి వాల్చి, పూర్తిగా. హార్లన్ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. నది పొంగి ఉంది. బురదనీళ్లలో చెట్టు మొద్దులు కొట్టుకుపోతున్నాయి. చాలా మాట్లాడుకున్నారు. పిల్లల్లేకపోవడం గురించి, పెళ్లైన కొత్తల్లో ఒకసారి ఆమె పుట్టింటికి వెళ్లిపోయి తిరిగొచ్చిన సంగతి గురించి. ఏళ్లుగా ఎవరూ ఎత్తని మాటలవి. అక్కడ అవి నొప్పి పెట్టలేదు.

ఎవరి ఫోనులోనో ఆట మొదలైనట్టు వినబడింది. ఎర్రచొక్కాలు విసుక్కున్నాయి. చిట్టచివరి గూడ్సు పెట్టెలు పోతుంటే హార్లన్ లేచి, నడవాలోకి వెళ్లి, అర్నెట్టా చెయ్యి పట్టుకున్నాడు. జీవితంలో ఎవరినీ ఆలస్యం చెయ్యమని అడగని మనిషి.

"అమ్మా, ఇంకాసేపు ఆపించు."

అర్నెట్టా ఆయన మొహం చూసి, వచ్చి లొరీన్ పక్కన వంగింది. "ప్రయాణికురాలికి ఒంట్లో బాగాలేదని చెబితే ఇంజనులో వాళ్లు ఆపుతారమ్మా. సాయంత్రం దాకా అయినా ఆపుతారు. చెప్పమంటావా?"

లొరీన్ పెట్టెలోకి ఒకసారి చూసింది. అవతల సీట్లో ఒకామె పూలగుత్తి ఒళ్లో పెట్టుకుని, మనవరాలిని మొదటిసారి చూడబోతున్నానని అందరికీ చెబుతోంది. లొరీన్ హార్లన్ వైపు తిరిగింది.

"లొరీన్, ఒప్పుకో," అన్నాడాయన. "ఇక్కడే ఉందాం. నీకు నొప్పి లేదు కదా."

"నొప్పి లేదు. ఆకలీ లేదు, నిద్రా లేదు. ఇక్కడ కూచుంటే మన స్కోరు కూడా మారదు, హార్లన్." ఆమె ఆయన బుగ్గ తడిమింది. తర్వాత అర్నెట్టాతో అంది: "నాకు బాగానే ఉంది. పోనివ్వు."

పచ్చదీపం పడింది. బండి ఒక కుదుపుతో కదిలింది. ఆగి ఉన్నదంతా ఒక్కసారి ఆమె మీదికి వచ్చి పడింది. హార్లన్ ఎదురు సీటు వదిలి పక్కకి వచ్చి, ఊరు చేరేదాకా ఆమెను పొదివి పట్టుకున్నాడు. ఆట చివర్లో చేరుకున్నారు. మనవాళ్లు ఓడిపోయారు. ఓడిపోతుంటే లొరీన్ అంపైర్‌ని తిట్టింది. ఆ రాత్రి జెనీవ్ ఇంట్లో లొరీన్ పడుకున్న సోఫా పక్కన నేల మీద హార్లన్ పడుకున్నాడు.

మే నెలలో, ద్రాక్ష పూతకొచ్చిన రోజుల్లో, లొరీన్ తన ఇంట్లో, తన మంచం మీద పోయింది. రాలతాయన్న ఆకులు ఎప్పుడో రాలి, మళ్లీ చిగిర్చి, చెట్ల నిండా ఉన్నాయి.

చర్చిలో హార్లన్ ఏడవలేదు. స్మశానంలోనూ ఏడవలేదు. వచ్చినవాళ్లందరికీ చెయ్యి కలిపాడు. ఆ తర్వాత రైలెక్కడం మొదలుపెట్టాడు. మొదట ఆటలున్న రోజుల్లో. తర్వాత ఆటల్లేని రోజుల్లోనూ. లూప్‌లైన్లో బండి ఆగగానే ఆయన గుండెల మీది రాయి దిగిపోయేది. తలుపు తీస్తే ఖాళీ ఇల్లుంటుందన్న సంగతి ఎవరో చెప్పగా విన్న సంగతిలా ఉండేది. గూడ్సులు ఎక్కువొచ్చిన రోజు ఆయనకి మంచిరోజు. దిగి, మరో బండెక్కి వెనక్కి వచ్చేవాడు. ఎండాకాలమంతా అలాగే గడిపాడు.

"వాడికి గడ్డం కూడా పెరగట్లేదర్రా," అన్నాడు క్లీటస్ బారులో. ఎవరూ నవ్వలేదు. ఒకరోజు క్లీటసే ప్లాట్‌ఫారం దాకా వచ్చి, "ఒరేయ్, ఇంటికి రారా. చేపలు వేయిస్తాను," అన్నాడు. హార్లన్ గడియారం చూసి, బండికి వేళయిందని చెప్పాడు.

ఆగస్టులో ఒక శనివారం. ఆట ఉంది కాబట్టి పెట్టె కిటకిటలాడుతోంది. లూప్‌లైన్లో బండి ఆగింది. హార్లన్ కిటికీ పక్కన కూచుని నది చూస్తున్నాడు. కొత్తగా పెళ్లైన జంటలాగుంది, ఇద్దరు చోటు వెతుక్కుంటూ వచ్చి, ఆయన ఎదుటి సీటు చూపించి అడిగారు.

"ఇక్కడెవరైనా ఉన్నారాండీ?"

"ఎవరూ లేరు," అన్నాడు హార్లన్. "కూచోండి."

వాళ్లు కూచున్నారు. ఆ పిల్ల సంచీ విప్పి భర్తకి శాండ్‌విచ్ ఇచ్చింది. హార్లన్ మళ్లీ నది వైపు తిరిగి, తిరిగినవాడు తిరిగినట్టే ఆగిపోయాడు. ఎవరూ లేరన్నప్పుడు తన గొంతు వణకలేదు. టిక్కెట్టు చూపించినంత తేలిగ్గా వచ్చిందా మాట. లొరీన్ కూచున్న సీటది. ఆమె నవ్వుని తలుచుకోబోయాడు. తల వెనక్కి వాల్చడం గుర్తొచ్చింది, టోపీ గుర్తొచ్చింది. లోపల ఏదీ కదల్లేదు. ఎవరిదో ఫోటో చూసినట్టుంది.

లేచి తలుపు దగ్గరికి నడిచాడు. అర్నెట్టా అక్కడే ఉంది.

"నన్ను దింపెయ్యమ్మా."

"ఇక్కడా? ఇక్కడ ప్లాట్‌ఫారం లేదు బ్రింక్‌మన్ గారూ. రాళ్లు, ముళ్లపొదలు."

"ఫరవాలేదు. దింపెయ్యి."

ఆమె ఒక క్షణం ఆయన్ని చూసింది. తలుపు తీసి, మెట్టు కిందికి దించి, మోచెయ్యి పట్టుకుంది. హార్లన్ కంకర మీద కాలు పెట్టాడు. ముందు మోకాళ్లు సలిపాయి. తర్వాత వేడిగాలి, నది బురద వాసన ఒక్కసారి మొహాన కొట్టాయి. ఆ వెనకే మిగిలినదంతా వచ్చింది. ఆయన పెట్టె పక్కనే రెండు చేతులూ తొడల మీద ఆనించి వంగిపోయాడు. నోరు తెరిచి, గొడ్డు అరిచినట్టు ఏడ్చాడు. కిటికీల్లో మొహాలు తిరిగి చూసి, మర్యాదగా అవతలికి తిప్పుకున్నాయి. అర్నెట్టా టోపీ తీసి చేతిలో పట్టుకుని మెట్టు మీద నిలబడింది.

గూడ్సు పోయింది. పచ్చదీపం పడింది.

"ఎక్కుతారా?" అంది అర్నెట్టా.

హార్లన్ తల అడ్డంగా ఊపాడు. "మీరు పోండి. నేను నడిచి పోతాను."

"చాలా దూరమండీ."

"తెలుసు. నెమ్మదిగా పోతాను."

బండి వెళ్లిపోయింది. ఆయన పట్టాల పక్కన బండిబాట పట్టి ఊరివైపు నడిచాడు. ఎండ మాడ్చేస్తోంది. మొక్కజొన్న చేలు తలెత్తు పెరిగి ఉన్నాయి. కొంతదూరం ఏడుస్తూ నడిచాడు, కొంతదూరం లొరీన్‌తో మాట్లాడుతూ నడిచాడు, కాటన్‌వుడ్ చెట్ల నీడలో కూలబడి మళ్లీ లేచాడు. ఆ మధ్యాహ్నం ఆయనకి ఎన్నేళ్లు మీద పడ్డాయోగానీ, ఊరి పొలిమేరకి వచ్చేసరికి నడుం వంగింది, చెంపల మీద తెల్లగా గడ్డం మొలిచింది.

క్లీటస్ బారు వెనక గుమ్మంలో కూచుని చేపలు శుభ్రం చేస్తున్నాడు. ఆయన్ని చూసి కత్తి పక్కన పెట్టాడు.

"ఏరా, ఏమైంది?"

హార్లన్ ఆ పక్కనే మెట్టు మీద కూచున్నాడు. బూట్లు విప్పాడు. "ఆకలేస్తోందిరా," అన్నాడు.